రాణి ఆగిపోయిన చోటు

మొన్న ఉదయం నిజాంపేటలో మా అపార్టుమెంటు కింద పార్కులో నడుస్తుంటే, నాలుగో అంతస్తులో కొత్తగా దిగినవాళ్ల కోడలు తన హస్కీ కుక్కని పిలుస్తూ కనిపించింది. ఎంతసేపు పిలిచినా చెట్ల వెనకే తిరిగిన ఆ కుక్క చివరికి తనంతట తానే వచ్చి కాళ్ల దగ్గర నిలబడింది. అప్పటికే విసిగిపోయి ఉన్న ఆ అమ్మాయి దాని మీదికి చెయ్యెత్తింది. కొట్టేదో లేదో నాకు తెలియదు. మోకాళ్ల నొప్పులు కూడా మరచిపోయి గబగబా వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాను. ఆ పిల్ల బిత్తరపోయింది. కారణం చెప్పలేక, ఏదో గొణిగి ఇంటికొచ్చేశాను. ఆ కారణం పాతికేళ్లకు పైబడినది. నా ఈడువాళ్లు కొందరైనా ఇది చదువుతారు గనుక, ఇప్పుడైనా చెప్పుకుంటున్నాను.

తొంభైల చివర నేను గుడివాడ నుంచి వచ్చి మదీనాగూడలో అక్కావాళ్లింట్లో ఉండేదాన్ని. ముంబై రోడ్డు దిగి లోపలికి నడిస్తే హద్దురాళ్లు పాతిన ఖాళీ స్థలాలు, తుమ్మచెట్లు, వాటి మధ్య అక్కడొకటీ ఇక్కడొకటీ ఇళ్లు. మాదాపూరు బండల మధ్య కొత్తగా లేచిన ఒక భవనంలో నా ఉద్యోగం. అమెరికా డాక్టర్లు రోగుల గురించి చెప్పిన మాటలు చెవులకు తగిలించుకుని విని టైపు చేసే పని. ఆఫీసు వ్యాను పొద్దున్న ఏడింటికి హైవే మీద ఆగేది, ఎవరి కోసమూ ఒక్క నిమిషం ఎక్కువ ఆగేది కాదు.

బావగారు ప్రభుత్వోద్యోగి. ఇంటిమీద రెండో అంతస్తు వేయిస్తున్నారు కనుక సిమెంటు, ఇనుము కాపలాకి పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక వాచ్‌మన్‌ని, అతని భార్యని ఇంటి పక్కన రేకుల గదిలో పెట్టారు. ఆ ఏడాదే సైన్యంలో పనిచేసే బావగారి స్నేహితుడొకాయన బదిలీ మీద వెళ్తూ తన కుక్కని మా ఇంట్లో వదిలి వెళ్లాడు. మంచుకొండల వైపు నుంచి తెచ్చినదట. పూర్తి హస్కీ కాదు, ఆ జాతి కలిసినది. ఒక కన్ను నీలం, ఒక కన్ను గోధుమరంగు, ఒంటినిండా దూది కూరినట్టు బొచ్చు. మొరగడం తక్కువ, మెడ ఎత్తి ఊళ పెట్టేది. కాలనీలో దాన్ని తోడేలనేవారు. అక్క కూతురు రాణి అని పేరు పెట్టింది. పేరుకు తగ్గట్టే ఉండేది అది. ఎండాకాలమంతా స్నానాలగదిలో తడిపిన గోనెసంచుల మీద పడుకుని, చల్లగాలి తగిలిందంటే చాలు గేటు సందులోంచి జారి పరుగందుకునేది. పిలిస్తే ఒకసారి వెనక్కి తిరిగి చూసేది, మనం పిలిచిన సంగతి తనకు అర్థమైందని తెలియజెయ్యడానికన్నట్టు, తర్వాత ఇంకా దూరం పోయేది.

దాన్ని దారికి తెచ్చినవాడు వాచ్‌మన్. అతనిది గొర్రెలు కాసిన కుటుంబం, చిన్నప్పటి నుంచీ కుక్కల మధ్యే పెరిగాడు. పొడుగాటి నూలుతాడు ఒకటి దాని మెడపట్టీకి కట్టి ఖాళీ స్థలాల్లోకి తీసుకువెళ్లి, వాసన చూస్తూ అది తన లోకంలో ఉన్నప్పుడు ఒక్కసారే పిలిచేవాడు. రెండోసారి పిలిచేవాడు కాదు, తాడు మెల్లగా లాగేవాడు. దగ్గరికి రాగానే ఉడికించిన కార్జం ముక్క నోటికందించి, వెంటనే మళ్లీ వదిలేసేవాడు. వచ్చాక కట్టేస్తే ఇంకోసారి ఎందుకొస్తుంది, పది సార్లు పిలిస్తే తొమ్మిది సార్లు ఆటకే వదలాలని అతని లెక్క. నాకు ఆ కుక్కంటే ఇష్టమని చూసి, సెలవురోజుల్లో తాడు నా చేతికిచ్చి నేర్పేవాడు. నాలుగు నెలలకి తాడు లేకుండానే అతను పిలిస్తే తుమ్మచెట్ల అవతల నుంచి చెవులు వెనక్కి పెట్టి బాణంలా వచ్చేది. నేను పిలిచినా వచ్చేది, కాస్త ఆలోచించుకుని. ఆ రోజుల్లోనే అతను నాకొక మాట చెప్పాడు.

“ఎంత లేటొచ్చినా గని, వచ్చినదాన్ని కొట్టద్దమ్మా. ఎందుకు లేటైందో దానికి యాదుండదు. మీ దగ్గర్కొస్తే దెబ్బలు పడ్డయన్నదే యాదుంటది.”

విన్నాను. ఊరికే తలాడించలేదు, అర్థం చేసుకునే విన్నాను. అందుకే ఈనాటికీ నాకు నేను సర్ది చెప్పుకోలేకపోతున్నాను.

ఆ వానాకాలంలో ఆఫీసులో మనుషుల్ని తగ్గిస్తారన్న మాట పుట్టింది. రాణిని తిప్పడానికి తీసుకెళ్లి, అది సమయానికి రాక అప్పటికే రెండుసార్లు వ్యాను అందుకోలేకపోయాను. మా సూపర్వైజరు, ఇంకొకసారి అయితే రానక్కర్లేదని అందరి ముందూ చెప్పాడు. మూడోసారి కూడా అదే అయింది. వర్షపు బురదలో నిలబడి గొంతు పోయేలా పిలుస్తుంటే, అది దూరంగా ఉడుత వెంట పడుతోంది. హైవే మీద వ్యాను హారను వినబడింది, ఆగింది, వెళ్లిపోయింది. ఆ తర్వాతే రాణి వచ్చింది. ఒళ్లంతా బురద, నాలుక బయటపెట్టి, ఎంతో గొప్ప పని చేసినట్టు నా ముందు కూచుంది. దాన్ని కట్టి తిప్పడానికి చేతిలో పట్టుకున్న తోలుపట్టీతో కొట్టాను. ఒక దెబ్బ కాదు, చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టాను. అది పారిపోలేదు, నేలకి కరుచుకుని ఉండిపోయింది. చుట్టుపక్కల ఎవరూ లేరు.

ఆ మధ్యాహ్నం ఆఫీసుకి ఆటోలో వెళ్లి కాళ్లావేళ్లా పడి ఉద్యోగం నిలబెట్టుకున్నాను. రాణి మాత్రం ఆ తర్వాత నేను పిలిస్తే వచ్చేది, పది అడుగుల దూరంలో ఆగిపోయేది. ఇంక ముందుకు రాదు, వెనక్కీ పోదు. నా చేతుల వంకే చూస్తూ నిలబడేది. వాచ్‌మన్ రెండు మూడుసార్లు అది గమనించి, ఏమైందమ్మా దీనికి అని అడిగాడు. ఏమో, మొండికేసింది అన్నాను. వాచ్‌మన్‌తో నిజం చెప్పి ఉంటే మళ్లీ తాడు కట్టి, మొదటి నుంచీ నేర్పి ఉండేవాడేమో.

నెల తిరగకుండానే ఒక ఆదివారం అక్కాబావా పిల్లని తీసుకుని కూకట్‌పల్లిలో పెళ్లికి వెళ్లారు. వాచ్‌మన్ భార్యకి జ్వరం. ఆమెని దవాఖానకి తీసుకుపోతూ, గేటు గొళ్లెం పెట్టి, రాణి వాకిట్లో వదిలే ఉంది, చూసుకోమని నాకు చెప్పి మరీ వెళ్లాడు. పది గంటలకి కూరగాయల బండి వస్తే గేటు తీశాను. వంకాయలు ఏరుకుంటూ మూయడం మరిచాను. నా చీరకుచ్చిళ్లు రాసుకుంటూ రాణి వెళ్లిపోయింది.

ఆ తోలుపట్టీ తీసుకుని వెనకే పరుగెత్తాను. హద్దురాళ్లు దాటి, తుమ్మచెట్లు దాటి, నేను హైవే చేరేసరికి అది రోడ్డుకి అవతలి అంచున చెత్తకుప్ప వాసన చూస్తోంది. పిలిచాను. అది అక్కడే ఉండి ఉంటే బతికేది. కాని అది వచ్చింది. ఆ మొండి కుక్క ఆ రోజు ఒక్క పిలుపుకే తిరిగి, తోక ఊపుతూ నా వైపు వచ్చింది. రోడ్డు మధ్యకి వచ్చాక నా చేతిలో పట్టీ చూసింది. నాకు పది అడుగుల దూరంలో ఆగిపోయింది. రా, రా అని నేను అరిచినకొద్దీ చెవులు వంచి నేలకి ఒదిగింది. పటాన్‌చెరు వైపు నుంచి కంకర లారీ వస్తోంది. పట్టీ విసిరేయాలని నాకు తోచనే లేదు.

ఆ లారీ ఆగలేదు. మిగతాది రాయలేను.

సాయంత్రం బావగారు వచ్చి, గేటు ఎవరు తీశారని వాచ్‌మన్‌ని నిలదీశారు. గొళ్లెం పెట్టే పోయిన సార్ అని అతను చెప్పాడు. బావగారు నా వైపు తిరిగారు.

“నేను లోపల వంటింట్లో ఉన్నానండీ. అరుపులు వినబడి బయటికొచ్చాను” అన్నాను.

అబద్ధం అంత సులువుగా నోటికి ఎలా వచ్చిందో తెలియదు. వాచ్‌మన్ నన్ను చూశాడు. చూసుకోమని నాకు చెప్పి వెళ్లిన సంగతి బయటపెట్టలేదు. స్నేహితుడు నమ్మి అప్పగించిన ప్రాణం పోయిందని బావగారు ఉడికిపోతున్నారు. ఒక కుక్కని కాయలేనివాడు ఇల్లేం కాస్తాడని, రెండు రోజుల్లో గది ఖాళీ చెయ్యమన్నారు. ఆమెకి జ్వరం ఇంకా తగ్గలేదని అక్క అడ్డు చెప్పబోయింది గాని, ఆయన వినలేదు. నేను ఆ రెండు రోజులూ, ఇప్పుడు చెబుతాను, కాసేపాగి చెబుతాను అనుకుంటూ గడిపేశాను. ఉద్యోగం పోతుందేమోనన్న భయానికి కుక్కని కొట్టినదాన్ని, ఇంకొకరి ఉద్యోగం పోతుంటే నోరు మెదపలేదు.

మంగళవారం పొద్దున్న వాళ్లు బయల్దేరారు. ఒక ట్రంకుపెట్టె, రెండు మూటలు, దుప్పటి కప్పుకుని గోడకానుకున్న ఆమె. వ్యానుకని నేను బయటికి వస్తే అతను గేటు దగ్గరే ఉన్నాడు.

“మిమ్మల్ని చూసే ఆగిందా అమ్మా?” అని మెల్లగా అడిగాడు.

తలూపాను.

“అనుకున్న” అన్నాడు. అంతే. మూట నెత్తిన పెట్టుకుని, భార్య చెయ్యి పట్టుకుని నడిచిపోయాడు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో.

ఆరు నెలల తర్వాత పెళ్లి కుదిరి ఆ ఇల్లు వదిలే ముందు అక్కకి చెప్పాను, కొంతే, గేటు తీసింది నేనని మాత్రం. అక్క బియ్యం ఏరుతూనే, బావగారితో అనకు, ఇప్పుడు అన్నా ప్రయోజనం లేదు అంది. ఆయన ఆ సంగతి తెలియకుండానే పోయారు.

అక్కతో మాట్లాడిన మర్నాడే నేను వాచ్‌మన్ కోసం వెతకబోయాను. పొద్దున్నే కూలీలు పని కోసం నిలబడే అడ్డా దగ్గరికి వెళ్లి, పాలమూరు మనిషి, మా వీధిలో వాచ్‌మన్‌గా ఉండేవాడు, భార్యకి ఒంట్లో బాగుండేది కాదు అని ఆనవాళ్లు చెప్పాను. చుట్టూ మూగినవాళ్లలో ఒక పెద్దాయన ఓపిగ్గా అంతా విని, “పేరేంది బిడ్డా?” అని అడిగాడు.

అతని పేరు నేనెప్పుడూ అడగలేదు. ఏడాదిన్నర ఒకే గేటులోంచి తిరిగాం. అతని చేతి నుంచి తాడు నా చేతిలోకి తీసుకున్నాను. వాచ్‌మన్ అనే పిలిచాం అందరమూ. అక్కడున్న వాళ్లలో సగంమంది పాలమూరు వాళ్లే.

ఇప్పుడా తుమ్మచెట్లూ హద్దురాళ్లూ ఎక్కడుండేవో నేనే పోల్చుకోలేను. అన్నీ బహుళ అంతస్తులు, అద్దాల దుకాణాలు. మా అపార్టుమెంటుకి కాపలావాళ్లు ఏజెన్సీ నుంచి వస్తారు, నీలం చొక్కా, మెడలో కార్డు, దాని మీద పేరు, ఊరు. మూడు నెలలకొకసారి మారిపోతారు. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా కళ్లజోడు సర్దుకుని ఆ కార్డు దగ్గరగా చదువుతాను. ఈ పెద్దావిడకి చాదస్తమనుకుంటారు. నిన్నటి నుంచి ఉన్నతనిది నాగర్‌కర్నూలు, పాలమూరు వైపే. మీ నాన్న ఎప్పుడైనా మదీనాగూడలో పనిచేశాడా అని అడిగాను. లేదన్నాడు.