కంపు తెలియని కాపరి

ప్రొద్దుటూరు డాక్టరమ్మ కంటే ముందే నా కొడుకు రోగం కనిపెట్టింది నేను. అదీ నా ముక్కుతో. జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా గొర్లు మేపే మనుషులను ఎవర్నన్నా అడగండి. పొట్టేలు వాసన చూసి దాని వయసు, దాని దమ్ము, ఆ యేడు అది ఎన్ని గొర్రెలను కడుపు చేస్తుందో చెప్పగలవాణ్ణి నేనొక్కణ్ణే. అట్లాంటి నాకు కన్నకొడుకు ఒంట్లో ఏం కొదవో తెలియదా?

ఈ మాట ఎంతోమందికి చెప్పినా. అందరూ నమ్మినారు. నమ్మనివాళ్లు నా ఇంట్లోనే ఉన్నారు, వాళ్లతో నాకు పడదు.

గొర్రెల సంగతి ముందు చెప్పాల. విత్తనపు పొట్టేలును కొన్నాళ్లు మందకు దూరంగా కట్టేసి, తర్వాత ఒక్కసారిగా లోపలికి తోలితే, దాని కంపుకే గొర్రెలు ఎదకొస్తాయి. ఆ కంపు చొక్కాకు అంటిందంటే పెండ్లాం గడప దాటనీదు. జీతానికి కుదిరిన కాపర్లు కూడా పొట్టేలు కొట్టం దగ్గరికి పోవాలంటే తుండుగుడ్డ ముక్కుకు కట్టుకుంటారు. మావాడు మాత్రం చిన్నప్పట్నుంచీ ఆ కొట్టంలోనే కూర్చొని సద్ది విప్పుకొని తినేవాడు. ముక్కు మూసుకోడు, ఉమ్మెయ్యడు. అది చూసి నేను మురిసిపోయినా. ‘పుట్టు కాపరంటే వీడప్పా!’ అని జమ్మలమడుగు సంతలో అడిగినోళ్లకూ అడగనోళ్లకూ చెప్పినా. వానికి ఇరవై దాటినా మీసం రాలేదు, గొంతు ఆడపిల్ల గొంతు మాదిరి సన్నంగా ఉండె. అడిగితే, మా వంశంలో మీసాలు ఆలస్యం అన్నా. అబద్ధం. నాకు పదహారేండ్లకే మంగలి అవసరం పడింది.

పులివెందులలో ఉండే నా చెల్లెలి కూతుర్నే వానికి చేసుకున్నాం. నేను మా అక్క కూతుర్ని చేసుకున్నా. మా నాయన ఆయన మేనమామ కూతుర్ని చేసుకున్నాడు. మా ఇంట్లో పెండ్లికి సంబంధాలు వెతకడం అనే పని లేదు.

నాలుగేండ్లయినా కోడలు నెల తప్పలేదు. ఊరు అడగడం మొదలుపెట్టె. నా పెండ్లాం కలమల్ల దిక్కున ఇంకో పిల్లను చూసి పెట్టె. ఒక పొద్దు అందరూ వినేట్టుగా నేను అన్న మాట ఇది:

“చూలు కట్టని గొర్రెను మందలో ఎన్నాళ్లు పెట్టుకుంటాం?”

కోడలు చేటలో బియ్యం చెరుగుతాండె. చేట దించలేదు, తల ఎత్తలేదు.

“గొర్రెను మార్చేముందు పొట్టేలును చూస్తావు గద మామా. మరి మనింట్లో ఎందుకు చూడవు?”

చెంప మీద కొడదామని లేచినా. మోకాలు పట్టేసింది, అందుకని ఆగినా. మర్యాద వల్ల కాదు.

“నీ కొడుక్కు వాసన తెల్దు,” అని ఆమె మళ్లీ అనింది. “గ్యాసు లీకై ఇల్లంతా కంపు కొడ్తాంటే పొయ్యి పక్కనే కూర్చొని అగ్గిపుల్ల గీయబోయినాడు. నేను అరిచినా కాబట్టి మీరంతా ఉండారు. మీసం ల్యాదు. ఇంక ఏందేంది ల్యాదో నా నోటితో చెప్పించొద్దు. డాక్టరుకు చూపించు. ఆయప్పకు బాగుండి, లోపం నాదే అని తేలితే నేనే పోతా. చూపించకుండా ఇంకో పిల్లను తెచ్చినావంటే ఆ పిల్లకు అంతా చెప్పే పోతా.”

“ముక్కుకూ బిడ్డలకూ ఏం సంబంధమే, తలతిక్కదానా!” అన్నా.

కబురు తెలిసి నా చెల్లెలు పులివెందుల నుంచి మొదటి బస్సుకే దిగె. వాకిట్లో నిలబడే తిట్టింది, నీళ్లు కూడా తాగలేదు. “నా బిడ్డ నీకు గొర్రె అయ్యిందా అన్నా? నీ అంత కండ్లు కానని కాపరి ఈ సీమలో ఉండడు!” అని కూతురి బట్టలు మూట కట్టించుకొని పాయె. నేను వెనకాల అరిచినా, “పోండి, మళ్లీ ఈ గడప తొక్కొద్దు” అని. శానా గట్టిగా అరిచినా.

వాళ్లు పోయిన మూడో దినం నా కొడుకు చొక్కా తొడుక్కొని ముందరికొచ్చె. “నాయనా, నేను ప్రొద్దుటూరు పోతాండా. వస్తే రా, ల్యాకుంటే ల్యాదు.” వాడు నాతో అంత మాట అనడం అదే మొదలు. పోట్లాడ్డానికి పనికొస్తానని నేనూ బస్సెక్కినా.

డాక్టరమ్మ కోస్తా మనిషి. మాటకు ముందొక ‘అండీ’, వెనకొక ‘అండీ’. వాణ్ణి కండ్లు మూసుకోమని ముక్కు కింద కాఫీపొడి పెట్టింది. “ఏం వాసనండీ?” వాడు ఆలోచించి, “ఏదో పెట్టినారు మేడం” అన్నాడు. సబ్బు పెట్టింది. అదే జవాబు. ముప్పై ఏండ్లు దగ్గరపడుతున్న కొడుకు పొట్టేళ్ల కంపును ఓర్చుకుంటాండాడని ఇన్నాళ్లూ అనుకున్నా. ఓర్చుకోవడానికి వానికి ఏమన్నా తెలిస్తే గద.

రక్తం తీసి, ఫోటోలు తీసి, వారం తర్వాత రమ్మనింది. పోతే అప్పుడు సంగతంతా చెప్పింది. ఒంట్లో మీసాన్నీ, గొంతునూ, విత్తనాన్నీ లేపే హార్మోన్లకన్నిటికీ పైన మెదడులో ఒక చిన్న హార్మోను ఉంటుందంట. పది పూసల దండ లాంటిది. గొర్రెకూ మనిషికీ అవే పూసలు, అదే వరస. చేపల్లోనూ దానికి దగ్గరి చుట్టం ఉందంట, అంత పాతది. దాన్ని తయారుచేసే కణాలు మెదడులో పుట్టవు. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ముక్కు దగ్గర పుట్టి, వాసన నరాల దోవ పట్టుకొని మెదడులోకి నడిచిపోతాయి. “మీ అబ్బాయికి ఆ దోవ ఏర్పడలేదండీ. కణాలు మధ్యలోనే ఆగిపోయాయి. అందుకే వాసనా లేదు, ఈడూ రాలేదు. గొర్రెలకు ఇప్పటికీ వాసనతోనే ఎద వస్తుంది కదా. మనిషికి ఆ అవసరం తగ్గింది గానీ, కణాలు మాత్రం ఆ పాత దోవనే వస్తున్నాయి.”

తర్వాత కాగితం మీద చతురస్రాలూ సున్నాలూ గీసి మా చుట్టరికాలు అడిగింది. నేను ఛాతీ విరిచి చెప్పినా: “మూడు తరాలుగా బయటి రక్తం రానీలేదమ్మా.”

“మందలో కూడా అంతేనాండీ?”

“ఛీ! పొట్టేలును రెండేండ్లకు మించి ఉంచుతామా? సొంత కూతుళ్ల మీదికే పోతుంది. పక్కూరి మందతో మార్చుకుంటాం. ల్యాకుంటే పిల్లలు అవిటివి పుట్టవా?”

ఆమె కలం బల్ల మీద పెట్టింది. ఏమన్నా అనింటే తిట్టి బయటపడేవాణ్ణి. నా కొడుకే అన్నాడు: “గొర్లకు పెట్టిన ఆలోచన మాకు పెట్టకపోతివి నాయనా.”

“కోస్తా నుంచి వచ్చి మా మేనరికాలకు వంక పెడతాండావా?” అని నేను బల్ల గుద్దినా.

“అందువల్లే అని నేను తేల్చి చెప్పడం లేదండీ. బయటి సంబంధాల్లోనూ ఇది వస్తుంది. ఒకే లోపం రెండు వైపులా దాక్కొని ఉంటే, దగ్గరి పెళ్లిళ్లలో అవి కలిసే అవకాశం ఎక్కువ. మీరు గట్టిగా అరిస్తే మాత్రం ఆ కణాలు కదలవు. సూదులు వేస్తే లేని హార్మోన్ల పని జరుగుతుంది. ఏడాది, రెండేళ్లు పట్టొచ్చు. అప్పుడు పిల్లలు పుట్టొచ్చు, ఖాయమని చెప్పలేను.” ఆ మాట అని, పక్కకు చూసి అడిగింది: “వాసన తెలియదని ముందు గమనించింది ఎవరండీ?”

నేనే అని చెప్పినా. నా కొడుకు నా దిక్కు చూసి, మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సరే, కోతలు కోసినా. మొదట్లో రాసింది కూడా అదే కోత. కనిపెట్టింది నా కోడలు. ఇన్నేండ్లూ అదే కొట్టంలో వాని పక్కన కూర్చున్నవాణ్ణి నేను, నా ముక్కుకు ఏమీ అందలేదు. పొట్టేళ్ల లెక్క కూడా సగం ఊహే. ఇంక నవ్వుకోండి.

ఇప్పుడు వానికి వారానికి మూడు సూదులు. గొంతు పగిలింది. మీసం మొలిచింది, ముప్పై ఏండ్లవాడు మొటిమలు గిల్లుకుంటాండాడు. బిడ్డ సంగతి ఇంకా తెలియదు. కలమల్ల సంబంధానికి నేనే కాదని చెప్పి, పులివెందుల పోయి, చెల్లెలి చీనీకాయల తోటలో పదిమంది కూలోళ్ల ముందర చేతులు జోడించి, తప్పయిపోయిందమ్మా అని కోడల్ని బస్సెక్కించుకొని తెచ్చుకున్నా.

ఇంతవరకూ రాసి కోడలికి చదివి వినిపించినా. ఫ్రిజ్‌లోంచి సూది మందు తీస్తాండాది, తీస్తానే అనింది:

“చేతులు యాడ జోడించినావు మామా? తోట కంచె దాకా వచ్చి, మాయమ్మ కనపడంగానే తిరిగి బస్టాండుకు పోయినావు. నీ కొడుకు వచ్చి, లోపం తనదేనని అందరి ముందర చెప్పి పిలిస్తే వచ్చినా నేను. తప్పయిందని నువ్వు ఈ పొద్దుకూ నాతో అనలా.”