ఆషాఢంలో సర్కారు అల్లుడు

మా అమ్మాయికి రాయగఢ్‌లో బ్యాంకు ఉద్యోగం. పెళ్లికొడుకు ఇక్కడే, బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో పనిచేస్తాడు. ముహూర్తం శ్రావణంలో కుదిరింది. అయితే భర్త ఉన్న ఊరికి బదిలీ కావాలంటే ముందు భర్త ఉన్నట్టు కాగితం చూపించమన్నారు బ్యాంకువాళ్లు. అందుకని జ్యేష్ఠంలోనే కలెక్టరేట్‌లో సంతకాల పెళ్లి జరిపించాం. సాక్షుల్లో నేనొకణ్ణి.

ఆ శనివారం మా రైల్వే కాలనీ భజన మండలిలో నా ప్రసంగం దాని మీదే. వివాహం సంస్కారం, అగ్ని ఎదుట ఏడడుగులు పడాలి, ఎవరు ఎవరి భార్యో రాసిపెట్టుకోవడమే సర్కారు పని గానీ భార్యను చేయడం దాని చేతిలో లేదన్నాను. ఇప్పటికీ నా మాట అదే. అందరూ తలలూపారు. వెనక వరసలో పెళ్లికొడుకు మరికాస్త గట్టిగా ఊపాడు.

ఆషాఢం వచ్చింది. కొత్త అల్లుడూ అత్తగారూ ఒకే గడప దాటకూడదు కదా, మా ఆవిడ ఫోన్ చేసి అతన్ని శ్రావణం దాకా రావద్దంది. ఆదివారం అమ్మాయి రైలు దిగి ఇంటికొచ్చిన కాసేపటికే అతను డ్యూటీ బట్టలతో గుమ్మం ముందున్నాడు.

"ఏటి బాబూ, రావద్దన్నాను కదా" అంది మా ఆవిడ లోపలినుంచి.

"మావయ్యగారు మండలిలో ఏటి చెప్పారండీ? అగ్ని లేందే పెళ్లి కాదన్నారు. అచ్ఛా, పెళ్లే అవలేదంటే నేను అల్లుణ్ణెలా అవుతాను? ఆషాఢం నాకెందుకు?"

మా ఆవిడ నావైపు తిరిగింది. "చెప్పండి. అల్లుడా, కాదా?"

"శాస్త్రం ప్రకారం ఇంకా కాదు" అన్నాను.

"అయితే పెళ్లికాని పిల్లుంది ఇంట్లో. పరాయి కుర్రాడికి ఇక్కడేటి పని? పొమ్మనండి."

అల్లుడైనా బయటే, కాకపోయినా బయటే. అమ్మాయి మొహం చిన్నబోయింది. "వారానికోపాలి వస్తాను నాన్నా. ఈయన్ని చూడ్డానికే కదా. మీరు సంతకం కూడా పెట్టారు."

 మా ఆవిడ చాప తెచ్చి బయటికి విసిరింది. "వరండా రైల్వేవాళ్లది. సర్కారు పెళ్లి అక్కడ చెల్లుద్ది. కూకోండిద్దరూ. గడపకి పసుపు రాసింది నాను, అది మాత్రం దాటకు బాబూ."

అమ్మాయి రెండు కంచాలు పట్టుకుని వరండాలోకి వెళ్లింది. మా ఆవిడ గడప ఇవతలే పీట వేసుకుని, పొడుగు గరిటెతో అవతలికి వడ్డిస్తూ కూర్చుంది. "ఇంకో ముక్క వేసుకో బాబూ, మొహమాటపడకు" అంటోంది.

శాస్త్రం తప్పలేదు. నేను మాత్రం వంటింట్లో ఒక్కణ్ణే తినాల్సి వచ్చింది. పులుసు గిన్నె నా దగ్గరికి వచ్చేసరికి అందులో ముక్కలు లేవు.