తక్కువ లేదా సమానం

మావారు పోయారని కాలేజీ వాళ్ళకి నేనే ఫోన్ చేసి చెప్పాను. "ఎన్నింటికండీ?" అని అడిగారు. "తెల్లవారకముందేనండీ" అన్నాను. పక్కన పడుకున్నదాన్నే, అంతకంటే నాకూ తెలియదు. ఆయన వింటే మెచ్చుకునే జవాబు అది. టైము చెప్పలేదు, హద్దు చెప్పాను.

ఆ వెంటనే ఆయన శిష్యురాలు ఫోన్ చేసింది. రాజోలు అమ్మాయి, ఇప్పుడు హైదరాబాదులో పాఠాలు చెబుతోంది. "ఇంక నేనెవరికి చెప్పుకోవాలండీ" అంటూ గొల్లుమంది. నా ఏడుపు నేను ఏడవకుండా ఆ పిల్లని ఊరుకోబెట్టాల్సి వచ్చింది. చోద్యం కాకపోతే, మొగుడు పోయింది నాకా, తనకా? ఆ పూట కూడా నాకు కుళ్ళు పుట్టింది. ఆయన గురించి నాలుగు మాటలు రాయమని కాలేజీ వాళ్ళు అడిగారు గనక ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

మావారు అమలాపురంలో డిగ్రీ పిల్లలకి లెక్కలు చెప్పేవారు. ఇంటికొచ్చి చేసుకునే లెక్కలు వేరు. వంపు తిరిగిన వాటిలో చోటు ఎంత ఉంటుందన్నది వాటి సంగతి. అందులో సరిగ్గా ఇంత అని తేల్చడం ఉండదట. ఇంతకి తక్కువ కాదు, ఇంతకి మించదు అని రుజువు చెయ్యడమే గొప్పట. ఆ అలవాటు మా సంసారంలోకీ వచ్చేసింది. "ఎన్నింటికొస్తారండీ?" అంటే "ఏడుకి ముందు రానే" అనేవారు. "కూరలో ఉప్పెలా ఉంది?" అంటే "ఎక్కువైతే కాలేదు" అనేవారు. పెళ్ళైన కొత్తలో సిగ్గు విడిచి, "నేనంటే మీకు ఎంత ఇష్టమండీ?" అని అడిగాను. కాసేపు నిజంగానే ఆలోచించి, "నిన్నటి కంటే తక్కువైతే కాదే" అన్నారు. మూతి ముడుచుకుని ఆ పూటంతా మాట్లాడలేదు. నాకు కావలసింది 'ఇంత' అనే ఒక్క మాట. కాపురం మొత్తం హద్దులతోనే సరిపెట్టారు.

మాది ఆత్రేయపురం. పెరట్లో పూతరేకులు తీస్తాను. ఎండు కొబ్బరాకు మంట మీద కుండ బోర్లించి, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డని దాని మీద ఒక్కసారి లాగితే పొర కడుతుంది. దాన్ని చిరక్కుండా ఎత్తాలి. ఆయన కుర్చీ ఆ పక్కనే. నన్ను చూడటానికనుకునేరు, కుండని చూడటానికి! పొగ నా మొహం మీదికి తిరిగితే మాత్రం చదువుతున్న పుస్తకంతోనే విసిరేవారు. ఎక్కణ్ణించో తెప్పించుకున్న ఖరీదైన పుస్తకం, దాని అట్ట ఇప్పటికీ మసి. అది చెప్పకపోతే నాకు పాపం.

ఒకసారి మంట పెట్టకముందు కుండ నడినెత్తిన వేలు పెట్టి, "ఇక్కణ్ణించి జానెడు దూరంలో చుట్టూ గీత గియ్యి. నేల మీదా అదే జానెడుతో గియ్యి. చోటు దేంట్లో ఎక్కువే?" అన్నారు.

"రెండూ జానెడేగా? సమానం."

"కాదే. కుండ మీద తక్కువ. వంపు పెరిగేకొద్దీ చోటు తగ్గిపోతుంది. ఏ ఆకారమైనా సరే, వంపు ఎక్కడా ఈ కుండ కంటే తక్కువ లేదని తెలిస్తే చాలు, దాని చోటు ఈ కుండని మించదు. తక్కువైనా అవ్వాలి, సమానమైనా అవ్వాలి."

"సమానమైతే?"

ఆయన మొహం అప్పుడు చూడాలి. "సమానమైందా, అది అచ్చం ఈ కుండే! ఇంకో ఆకారానికి వీల్లేదు. సమానం ఊరికే రాదే, వస్తే ఇంక తిరుగుండదు."

నా చేతి వంటకి ఆ మొహం ఏనాడూ అలా వెలగలేదు.

రాజోలు అమ్మాయి పరిశోధనలో చేరాక రోజూ సాయంత్రం ఫోనే ఫోను. నేను పొయ్యి దగ్గర, ఆయన కుర్చీలో. "ఆయ్, చెప్పమ్మా. ఆయ్." ఉన్నట్టుండి ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఆ తర్వాత "ఏదీ, మళ్ళీ చెప్పమ్మా" అని రెండోసారి చెప్పించుకునేవారు. నా మాట ఏనాడైనా రెండోసారి చెప్పించుకున్నారా? ఒకనాడైతే కుర్చీలోంచి లేచిపోయి, "సమానం! వచ్చేసిందమ్మా, సమానమే!" అని అరిచారు. నా చేతిలో రేకు చిరిగిపోయింది.

"ఆ పిల్లకి సమానం ఇచ్చేరు. నాకేం ఇచ్చేరండీ?" అని అడిగేశాను.

"నేనిచ్చిందేవుందే? తనే రుజువు చేసుకుంది."

"అయితే నేనేం రుజువు చెయ్యాలో చెప్పండి, చేస్తాను."

నవ్వేసి, "మంట తగ్గుతోంది చూడు" అన్నారు. ఒళ్ళు మండింది. ఆ బాకీ అలాగే ఉండిపోయింది, మనిషి వెళ్ళిపోయారు.

మాసికం అయ్యాక ఆ అమ్మాయి ఇంటికొచ్చింది. పెరట్లో కుర్చీ ఉన్నా కూర్చోలేదు, నేల మీదే చతికిలబడింది. కాసేపు కొంగు నలుపుకుని, "ఒక మాట చెప్తే కోప్పడరు కదండీ? మీరంటే నాకు చచ్చేంత కుళ్ళండీ" అంది.

నేను తెల్లబోయాను. "నేనంటేనా?"

"ఆయ్. లెక్క సరిగ్గా ముడి విడే చోటికి వచ్చేదండీ, మాస్టారు ఉలకరు, పలకరు. మొదట్లోనే చెప్పేశారు. 'నేను మాట్లాడలేదంటే ఏమీ అనుకోకమ్మా, మా ఆవిడ రేకు ఎత్తుతోందని అర్థం. అది చిరక్కుండా వచ్చేదాకా నాకు ఊపిరాడదు' అన్నారు. ఆ తర్వాత ఏదీ మళ్ళీ చెప్పమ్మా అనేవారు. మిమ్మల్ని ఎన్నిసార్లు తిట్టుకున్నానో! నా రుజువు కోసం ఆయన ఒక్కసారైనా ఊపిరి బిగబట్టలేదండీ."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నీకెన్నాళ్ళ నుంచి అంటే మీకెన్నాళ్ళ నుంచి అని ఇద్దరం తవ్వుకున్నాం. నా కుళ్ళు దాని కుళ్ళు కంటే ఎక్కువ కాదు, తక్కువా కాదు. ఆయన ఉంటే కుర్చీలోంచి లేచి అరిచేవారు.

అయినా నా మంట పూర్తిగా చల్లారిందని అనను. ఆ మాట ఆయన నాతో అని ఉండొచ్చుగా! ఆ పిల్లతో ఎందుకు చెప్పాలి?

పొయ్యి వెలిగించాను. జావలో గుడ్డ ముంచి కుండ మీద లాగాను. పొర కట్టింది. ఏదో చెబుతున్న ఆ అమ్మాయి టక్కున మాట ఆపేసింది. పొగ నా మొహం మీదికే తిరిగింది. రేకు ఎత్తేటప్పుడు పక్కకి చూడకూడదు, చూస్తే చిరుగుతుంది. కళ్ళు మండుతున్నా, కుర్చీ వైపు చూడకుండా ఎత్తాను.