పాడూరిలో పిలుపు

పెళ్లయిన కొత్తలో మా అత్త నన్ను పుల్లలకు తీసుకుపోయేది. కోడుమూరు దాటాక ఆ దారిలో పాడుబడిన ఊరొకటి ఉండేది. ప్లేగు వచ్చినప్పుడు జనం వదిలేసిన ఊరు. అటు పోవాలంటేనే అందరికీ భయం. అత్త మాత్రం తిరిగి వచ్చేటప్పుడు, కప్పు కూలిన ఒక మట్టిమిద్దె ముందు ఆగి, "ఏమ్మే, ఉండావా?" అని పిలిచేది. కాసేపు చెవి ఒగ్గి, తర్వాతే కదిలేది.

ఒకనాడు ధైర్యం చేసి అడిగాను. "ఎవురుండారత్తా ఆడ?"

"నా తోడికోడలు."

"ఆమె ప్లేగులో పోయిందని అందరూ అంటాండారు గదా?"

"పోయేది ఎవురు జూసినారు? మేము ఊరిడిచి పరిగెత్తేటప్పటికి బతికే ఉండె. నీళ్లడిగె."

అంతలో గోడల వెనక ఏదో కదిలింది. అత్త మోపు కింద పారేసి, "వస్తాండా, వస్తాండా!" అంటూ లోపలికి ఉరికింది. మంద తప్పిన మేక ఒకటి నా పక్కనుంచే బయటికి దూకింది. అత్త చాలాసేపటికి గాని రాలేదు.

"మేకే గదత్తా," అన్నాను.

"మేకే," అంది, మోపు ఎత్తుకుంటూ.

మర్నాడు మళ్లీ అక్కడే ఆగి పిలిచింది. జవాబు రావాలని పిలిచేదో, రాకూడదని పిలిచేదో నాకు ఈనాటికీ తెలియదు.