వంద రోజుల గరిష్ఠ ధర

బీఎస్సీ లెక్కలు చదివి, రాజమండ్రిలో ఒక షేర్ల ఆఫీసులో ఆర్డర్లు కొట్టే ఉద్యోగంలో చేరాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. కొనమంటే కొనడం, అమ్మమంటే అమ్మడం. నేను చదివిన లెక్కలతో అక్కడ ఎవరికీ పని పడలేదు.

ఒకరోజు మేనేజరుగారు కొత్త సాఫ్ట్‌వేర్ తెప్పించారు. అందులో సొంతంగా ఫార్ములా రాసుకునే చోటుంది. గరిష్ఠం, సగటు, వర్గమూలం, అన్నీ ఫంక్షన్లుగా వరసలో ఉన్నాయి. కాలేజీతోనే తీరిపోయిందనుకున్న పరిచయం మళ్లీ మొదలైనట్టనిపించింది.

నేను రాసింది చిన్నదే. ఈరోజు ధరను గడిచిన వంద రోజుల గరిష్ఠ ధరతో భాగించడం. జవాబు ఒకటికి దగ్గరుంటే షేరు పైనున్నట్టు, సున్నావైపు జారితే బాగా పడినట్టు. అది వందల షేర్లలోంచి బాగా పడిన పదింటిని ఏరి పెట్టింది. ప్రింటు తీసి గోడకి అంటించాను. "ఇంత పని తెలిసీ ఇన్నాళ్లూ చెప్పలేదేంటమ్మా" అన్నారు మేనేజరుగారు. ఆ వారమంతా నా నడకే మారిపోయింది.

మండపేట నుంచి వచ్చే ఒక రైసుమిల్లు యజమాని ఆ కాగితం చూసి అందులో మొదటనున్న షేరు కొన్నారు. ఇంత పడ్డాక ఇంకేం పడుతుందని ఆయన ధీమా.

రోజూ మా ఆఫీసుకొచ్చి పేపరు చదువుకునే రిటైర్డు మాస్టారు ఒకరుండేవారు. నాలుగు రోజుల తర్వాత ఆయన నన్నడిగారు, "అంతలా పడ్డ కంపెనీ గురించి పేపర్లో ఒక్క ముక్క లేదేంటమ్మా?"

పాత ధరలు తెరిచి చూశాను. షేరు పడలేదు. కంపెనీ ఒక్కో షేరును పది షేర్లుగా విడగొట్టింది, అందుకే ధర పదో వంతయింది. ఆ సంగతి నా ఫార్ములాకి తెలియదు. నాకు తెలిసుండాల్సింది.

మిల్లు యజమాని అడగలేదు కదా, ఊరుకోమన్నారు మేనేజరుగారు. మధ్యాహ్నం దాకా ఊరుకున్నాను. చివరికి మిల్లుకి ఫోన్ చేశాను. వెనక మర చప్పుడుకి జరిగింది రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

"అయితే అది చవగ్గా దొరికింది కాదన్నమాట."

"కాదండి. తప్పు నాదేనండి."

"నువ్వు చెప్పకపోతే నాకెలా తెలుస్తుందమ్మా" అని, అమ్మేయమన్నారు. అదృష్టం కొద్దీ నష్టం పెద్దగా రాలేదు. అయినా ఫోన్ పెట్టేశాక కళ్లు తుడుచుకున్నాను.

గోడమీది కాగితం తీసేశాను. ఒక్కరోజులో ధర మూడో వంతుకు మించి తగ్గిన షేరును విడిగా చూపించమని ఫార్ములాకి ఇంకో షరతు కలిపాను. అలా విడిగా వచ్చినవాటి గురించి మాస్టారూ నేనూ ఒక్కొక్కటే పాత పేపర్లలో వెతికేవాళ్లం.

మిల్లు యజమాని ఇక రారనుకున్నాను. రెండు వారాలకి వచ్చారు. కొత్త జాబితా ఇస్తే, చదవకుండానే, "ఇవి నువ్వు స్వయంగా చూశావా?" అనడిగారు. ఎనిమిది చూశానని, రెండు ఇంకా చూడలేదని చెప్పాను. ఆయన జేబులోని పెన్ను తీసి నా చేతికిచ్చి, ఆ రెండూ కొట్టేయమన్నారు.