చిన్నాయనకు మెరక నేల

మా ఊళ్ళో భూమి ఉన్నవాళ్ళు చనిపోతే సొంత తోటలోనే పూడ్చి సమాధి కట్టుకుంటారు. భూమి లేనివాళ్ళకు వంక ఒడ్డు. వాన లేని ఏళ్ళే ఎక్కువ కాబట్టి ఈ తేడాను మేమెవరమూ పట్టించుకోలేదు. ఆ ఏడు తుఫానుకు చెరువు తెగి, వంక ఒడ్డంతా నీళ్ళ కింద పోయింది.

మా చిన్నాయన ఇల్లు కూలితే అందరితో పాటు బడిలో తలదాచుకున్నాడు. తడి పంచెతోనే పడుకున్నాడు. జ్వరమొచ్చింది, దగ్గీ దగ్గీ పోయాడు. అదే గదిలో పసిపిల్లలున్నారు, శవాన్ని ఉంచుకోలేం. కాల్చడానికి ఊళ్ళో ఎండు కట్టె లేదు. చిన్నమ్మ ఏడుపు ఆపి, "యాడ పెట్టేదిరా ఆయన్ని?" అని అదే మాట అడుగుతూ కూర్చుంది.

నీళ్ళెక్కని నేల ఒక్కటే, మేం ఆసామి అని పిలిచే పెద్ద రైతు చీనీ బత్తాయి తోట. చిన్నాయన వయసంతా అందులోనే పాదులు తీశాడు. తోట మెరకలో ఆసామి తండ్రి సమాధి ఉంది. పాలరాయి, పైన రేకుల కప్పు, చుట్టూ గ్రిల్లు. ఊరంతా చీకట్లో ఉంటే, ఇంట్లోని జనరేటరు నుంచి వైరు లాగి ఆ సమాధి మీద బల్బు వెలిగించారు.

నేనూ తమ్ముడూ పోయి అడిగాం. ఆసామి మిద్దె మీద టీ తాగుతున్నాడు.

"శానా మంచోడప్పా మీ చిన్నాయన. ఆ చెట్లన్నీ వాడు సాకినవే."

"ఆ చెట్ల పక్కనే ఇంత చోటియ్యి సామీ," అన్నాడు తమ్ముడు.

"ఇయ్యొచ్చు. ఈడ పెడితే రేపు దినమంటారు, ఏటేటా టెంకాయ కొట్టను దండుగా వస్తారు. అమ్ముదామంటే సమాధుండాదని కొనేటోడు వెనక్కి పోతాడు."

"మీ నాయనది ఉండాది గదా?"

ఆయన నవ్వాడు. "ఏమప్పా, మా నాయనా వాడూ ఒకటేనా?"

ఆ మాటలో కోపం కూడా లేదు. తెలియనివాళ్ళకు ఓపిగ్గా చెబుతున్నట్టు చెప్పాడు. నేను చదివిన పుస్తకాల్లో దుర్మార్గులకు తాము చేసేదేమిటో తెలిసే ఉంటుంది. ఈయనకు అంత బుర్ర కూడా లేదు. తాను మంచివాణ్ణనే నమ్మకంతో, పోయేముందు టీ తాగి పొమ్మన్నాడు.

తాగలేదు. తారు రోడ్డు అంచు కాస్త ఎత్తుగా ఉంటే అక్కడే తవ్వాం. మోకాలి లోతుకే నీళ్ళూరాయి. ఒకరు బకెట్టుతో తోడుతుంటే చిన్నాయనను దించి, మట్టి కప్పి, కొట్టుకుపోకుండా రాళ్ళు పేర్చాం. మర్నాడు ఆసామి బడికి అన్నం పొట్లాలు పంచడానికి వచ్చాడు. చిన్నమ్మ చేతిలో ఒకటి పెడుతూ ఫోటో తీయించుకున్నాడు.

ఇప్పుడు ఏటా చిన్నాయన పోయిన రోజున చిన్నమ్మ అక్కడికి పోతే లారీలు ఆగి ఉంటాయి. "పక్కకు పెట్టుకోండప్పా, ఈడ మా ఆయనుండాడు," అంటుంది. కొందరు తీస్తారు. తీయకపోతే ఆ చక్రం పక్కనే కూర్చుని టెంకాయ కొడుతుంది.