అన్నీ లోపలే కట్టిన ఆయన

ఆ బస్సు టికెట్ల కార్యాలయంలో ఆయన్ని లోపలాయన అనేవారు. కంప్యూటర్ల గదిలో తలుపేసుకుని కూర్చోవడం వల్ల వచ్చిన పేరు కాదది. డ్రైవర్లన్నీ కెర్నెల్ లోపలే ఉండాలన్న ఒక్క సిద్ధాంతం మీద పదకొండేళ్లు కదలకుండా నిలబడినందుకు, సభ పెట్టి కాకపోయినా వెనకాల నుంచి ఇచ్చిన బిరుదు. ఈ డ్రైవర్ల గొడవ అక్కడ కొన్ని అపార్థాలకు కూడా దారితీసింది. ఒకసారి ఆయనా, ఆయన బావమరిదీ డ్రైవర్లు లోపలుండాలా బయటుండాలా అని గంటసేపు వాదించుకుంటుంటే, బస్సు డ్రైవర్ల సంఘం కార్యదర్శి గుమ్మం దగ్గర ఆగి అంతా విన్నాడు. "లోపలే ఉండనివ్వండి సార్, బయట ఎండ మండిపోతోంది" అని సిఫారసు చేసి వెళ్లాడు. ఆ వాదంలో లోపలాయనకు దొరికిన బయటి మద్దతు అదొక్కటే.

వాదం ఏమిటో తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. కంప్యూటరు నిద్ర లేవగానే ముందుగా కళ్లు తెరిచేది కెర్నెల్. అది డిస్కును చదవాలంటే ఆ డిస్కు సంగతి తెలిసిన చిన్న ప్రోగ్రాం, అంటే డ్రైవర్, కావాలి. ఆ కార్యాలయంలో టికెట్లు అమ్మేవి నిజం కంప్యూటర్లు కావు. ఒక పెద్ద యంత్రం కడుపులో ఉంటూ, తామూ నిజం కంప్యూటర్లమేనని నమ్మి బతుకుతున్న ఇరవై రెండు వర్చువల్ మిషన్లు. వాటి డిస్కు ఊహ, నెట్‌వర్కు కార్డు ఊహ. ఆ ఊహలకు మాత్రం నిజమైన డ్రైవర్లే కావాలి.

డ్రైవర్‌ని కెర్నెల్ ఒంట్లోనే కలిపి కట్టేయవచ్చు. లేదా మాడ్యూలుగా, అంటే పిలిస్తే వచ్చే విడి ఫైలుగా, పక్కన ఉంచుకోవచ్చు. రెండో పద్ధతిలో ఒక చిక్కుంది. డిస్కును చదివే డ్రైవర్ ఆ డిస్కులోనే ఉంటే దాన్ని పిలిచేదెవరు? అందుకని లేవకముందే ఆ డ్రైవర్లను ఒక చిన్న సంచిలో వేసి కెర్నెల్ చేతికివ్వాలి. లోకంలో చాలామంది సంచితోనే బతుకుతున్నారు. లోపలాయన పదకొండేళ్లలో ఒక్క సంచీ కుట్టలేదు. కెర్నెల్ కట్టే ముందు అది అడిగే వేల ప్రశ్నలకు ఒక్కొక్కటిగా జవాబు చెప్పి, కావలసినవన్నీ లోపల పెట్టి, అక్కరలేనివి గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. ఆయన మిషన్లు నాలుగు సెకన్లలో లేచేవి. ఆయన లేవడానికి అరగంట పట్టేదని భార్య అనేది.

ఆ కార్యాలయానికి ఒక పద్ధతి ఉంది. ఏ కెర్నెల్ పేరైనా చివర కట్టినవారి పొడి అక్షరాలతో ముగియాలి. కొత్తది మిషన్లలో పెట్టే ముందు వేరొకరు వారం రోజులు పరీక్షించాలి. అయితే లోపలాయన అక్షరాలు కనిపిస్తే, దాన్ని పెట్టే ఆపరేటరమ్మ కళ్లజోడు కూడా వెతుక్కునేది కాదు. మీట నొక్కేసేది. ఇది ఏ నిబంధనలోనూ లేదు. పదకొండేళ్లపాటు ఒక్క మిషనూ మొండికేయకపోతే నిబంధనలు వాటంతట అవే పక్కకు జరుగుతాయి. ఆయనకు జీవితంలో ఆస్తి అంటూ ఉంటే ఆ రెండక్షరాలే.

బావమరిది, అంటే భార్యకు తమ్ముడు, రెండేళ్ల కిందట ఈ పనిలోకి వచ్చాడు. తెలివైనవాడు. కెర్నెల్ కట్టడం లోపలాయన భోజనాల బల్ల మీదే నేర్చుకున్నాడు. ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే. అది వచ్చే నెలలో ఖాయం కావాలి.

ఈలోగా పెద్ద యంత్రం పాతబడింది. కొత్తది మరో రకం. దాని ఊహాడిస్కుకు వేరే డ్రైవర్ కావాలి. ఆదివారం ఉదయం మిషన్లన్నిటినీ అందులోకి మార్చాలని నిర్ణయించారు. శుక్రవారం సాయంత్రం బావమరిది భోజనానికి వచ్చాడు.

"పాతదీ కొత్తదీ రెండూ లోపలే పెట్టేశాను," అన్నాడు లోపలాయన. "ఎక్కడైనా లేస్తుంది."

"మూడో రకం యంత్రం కొంటేనో?"

"మూడోదీ పెడతాను."

"నాలుగోది?"

"నాలుగోదీ."

"అది కెర్నెలా బావా, అటకా?"

భార్య నవ్వింది. లోపలాయన నవ్వలేదు. "అటకే అనుకో. నిచ్చెన వేసుకుని ఎక్కితే కావలసింది అక్కడుంటుంది. నీ మాడ్యూళ్లయితే నిచ్చెన కూడా అటక మీదే పెట్టినట్టు."

"దానికే కదా సంచి."

"ఇవ్వడం మరిచిపోతే?"

"మరిచిపోవడానికి అదేమన్నా నీ పెళ్లిరోజా బావా?"

ఈసారి భార్య ఇంకాస్త ఎక్కువ నవ్వింది. బావమరిది చేయి కడుక్కుని వచ్చి, మెత్తగా అన్నాడు. "సరే, నీ మాటే ఖాయం. ఆదివారం నువ్వు రాకులే, మోకాలు నొప్పంటున్నావుగా. నువ్వు కట్టిందే తీసుకెళ్లి నేను పెట్టిస్తాను."

"నేను కట్టిందేగా?"

"ఇంకెవరిది పెట్టిస్తాను?"

ఆదివారం ఎనిమిదింటికి మేనేజరుగారు ఫోన్ చేశారు. ఆమె కోపంలో కూడా మర్యాద తప్పరు. అందుకే ఆమె కోపమంటే అందరికీ ఎక్కువ భయం.

"మీ కెర్నెల్ ఒక్క మిషన్‌లోనూ లేవట్లేదండి."

లోపలాయన మోకాలి సంగతి మరిచిపోయి వెళ్లాడు. టికెట్ల కిటికీల ముందు వరుస మెట్లు దిగి వీధిలోకి వచ్చేసింది. కంప్యూటర్ల గదిలో తెర మీద ఇరవై రెండు చిన్న కిటికీలు, ఇరవై రెండిట్లోనూ ఒకే మాట. డిస్కు కనబడలేదట. ఆ తర్వాత ఇక చెప్పేదేమీ లేదన్నట్టు ఆగిపోయి ఉన్నాయి.

ఆయన ఒక కిటికీలో పైకి జరుపుకుంటూ మొదటి వరుసకు వెళ్లాడు. అక్కడ కెర్నెల్ తన పేరు చెప్పుకుంటుంది. పేరు చివర ఆయన పొడి అక్షరాలే ఉన్నాయి. దాని పక్కన బ్రాకెట్లలో కట్టినవాడి లాగిన్ పేరుంటుంది. అది మనం తీరిగ్గా ఎంచుకుని పెట్టేది కాదు. ఎవరు కడితే వారి పేరు అదే రాసుకుంటుంది. కెర్నెల్‌కు మొహమాటం లేదు. బ్రాకెట్లలో బావమరిది పేరుంది.

ఆ వరుసను ఆ గదిలో చదవగలిగినవాళ్లు ఇద్దరే. రెండోవాడు మంచినీళ్ల ఫిల్టరు దగ్గర నిలబడి నీళ్లు తాగుతున్నాడు.

"ఇది మీరు కట్టిందేనా?" అని అడిగారు మేనేజరుగారు.

లోపలాయన ఫిల్టరు వైపు చూశాడు. బావమరిది ఆ గ్లాసు పూర్తి చేశాడు. ఇంకోటి తాగాడు. మూడోది నింపుకుంటూ, అది పొర్లిపోకుండా చూడటమే ప్రస్తుతం కార్యాలయానికి అత్యవసరమన్నంత శ్రద్ధగా దానివైపే చూస్తూ నిలబడ్డాడు.

"ముందు లేపుదామండి," అన్నాడు లోపలాయన.

శుక్రవారం తాను కట్టిన కెర్నెల్ కోసం చూస్తే ఉంచినచోట లేదు. అదే పేరుతో ఇంకొకటి కూర్చుని ఉంది. ఇంటి దగ్గర ఇంకో ప్రతి ఉంది కాబట్టి తెప్పించి, కొత్త యంత్రం చేత్తోనే ఒక్కొక్క మిషన్‌కీ అందించాడు. నలభై నిమిషాల్లో ఇరవై రెండూ లేచాయి. వరుస కదిలింది. మేనేజరుగారు బల్ల మీద చేయి ఆన్చి, "రేపు ఉదయానికి సంజాయిషీ రాసివ్వండి. మీ నుంచి ఇలాంటిది నేను అనుకోలేదు," అన్నారు. ఆపరేటరమ్మ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

మధ్యాహ్నం బావమరిది ఇంటికి వచ్చాడు. పిలవకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నా అక్షరాలెందుకు పెట్టావు?" అన్నాడు లోపలాయన.

"నావి పెడితే వారం రోజులు పరీక్షలంటారు. నీవి ఉంటే ఎవరూ తెరిచి చూడరు కదా బావా."

ఇంతటి పొగడ్త లోపలాయనకు పదకొండేళ్లలో ఎవరి దగ్గరా దొరకలేదు. దొరికిన రోజే అది చేతికందకుండా ఖర్చైపోయింది.

"మరి నువ్వైనా పరీక్షించావా?"

"నా మిషన్‌లో పెట్టి చూశాను. లేచింది."

"నీ మిషన్‌కి సంచి ఎవరిచ్చారు?"

"అది దానంతట అదే తయారు..." అని బావమరిది ఆగిపోయాడు. తన మిషన్ అందరూ పెట్టుకునే పద్ధతిలో పెట్టుకున్నది. కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా దానికి సంచి దానంతట అదే తయారవుతుంది. టికెట్ల మిషన్లు లోపలాయన పెంపకం. పుట్టినప్పటినుంచీ సంచి మొహం చూడలేదు.

"వాడు నెలరోజులుగా కడుతున్నాడండీ," అంది భార్య. "అన్నీ అయ్యాక చెప్పి మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తానన్నాడు. నేనూ సరేనన్నాను."

లోపలాయన ఆమె వైపు తిరిగాడు. "అయితే శుక్రవారం నీకూ తెలుసన్నమాట."

ఆమె బల్ల మీద లేని మరకను తుడిచింది. శుక్రవారం రెండుసార్లు ఎందుకంత హాయిగా నవ్విందో ఆయనకు అప్పుడు అర్థమైంది.

"మాడ్యూళ్లు పెట్టినందుకు నాకేం లేదు," అన్నాడు. "అడిగి ఉంటే ఒప్పుకునేవాణ్ని." ఈ చివరి మాట పూర్తిగా నిజం కాదని ఆ బల్ల దగ్గరున్న ముగ్గురికీ తెలుసు. "పొద్దున ఆవిడ అడిగినప్పుడు ఎందుకు నోరు మెదపలేదు?"

"వచ్చే నెల నా ఉద్యోగం ఖాయం కావాలి బావా. నీకైతే ఏమవుతుంది? ఇన్నేళ్లలో ఒక్కసారి, ఎవరికైనా జరుగుతుందిలే అంటారు."

"సంజాయిషీ నువ్వు రాస్తావా, నేను రాయనా?"

బావమరిది అక్క వైపు చూశాడు. అక్క భర్త వైపు చూసింది. "మీ పేరుకేం తక్కువండీ? కాస్త అరిగినా తరిగిపోదు."

"అరగడానికి అదేమన్నా కాలి చెప్పా?"

దీనికి ఎవరూ నవ్వలేదు. బావమరిది లేచి, "ఆలోచించు బావా," అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. లోపలాయన సాయంత్రం దాకా ఎదురుచూశాడు. అతను తిరిగి వస్తాడని కాకపోయినా, ఫోనన్నా చేస్తాడని. దీపాలు పెట్టే వేళకు కాగితం తీసి ఐదు వాక్యాలు రాశాడు. ఫలానా కెర్నెల్ తాను కట్టినది కాదు. డిస్కు డ్రైవర్ మాడ్యూలుగా ఉండి సంచి లేకపోవడం వల్ల మిషన్లు లేవలేదు. కట్టినవారి పేరు మొదటి వరుసలో బ్రాకెట్లలో ఉంది. తన పొడి అక్షరాలు తనకు తెలియకుండా వాడబడ్డాయి. పరిశీలించ ప్రార్థన. భార్య అది చదివి, ఉన్న మడతలోనే మళ్లీ మడిచి, బల్ల మీద పెట్టి గదిలోకి వెళ్లింది.

సోమవారం మేనేజరుగారు ఇద్దర్నీ పిలిచారు. కాగితం బావమరిది వైపు జరిపారు.

"నిజమేనా?"

"నిజమే మేడం. కార్యాలయం మంచి కోసమే చేశాను."

ఆమె కాసేపు కలం తిప్పుకున్నారు. తర్వాత అంతా ఒక క్రమంలో చెప్పారు. వేరొకరి అక్షరాలు వాడినందుకు మందలింపు. అయితే మున్ముందు ఎన్ని రకాల యంత్రాలు వస్తాయో తెలియదు కనుక మాడ్యూళ్ల పద్ధతే మంచిదని తాను విచారించి తెలుసుకున్నారు. తక్కువైంది సంచి ఒక్కటే కదా. ఇకమీదట కెర్నెల్ అతనే కడతాడు. లోపలాయన పర్యవేక్షిస్తారు.

"ఆదివారం మీరే అని పొరబడ్డాను, ఏమీ అనుకోకండి," అన్నారు చివర్లో. "మీ పేరుకేం మచ్చ లేదు."

లోపలాయన నమస్కారం పెట్టి వచ్చాడు. పర్యవేక్షణ అంటే ఆ కార్యాలయంలో కిటికీ పక్కన ఒక కుర్చీ, ఒక బల్ల, చూడవలసినదేమీ లేకపోవడం. పేరు మచ్చ లేకుండా తిరిగొచ్చింది. దాన్ని పెట్టడానికే ఇక కెర్నెల్ లేదు.

నాలుగింటికి బావమరిది ఆ కుర్చీ దగ్గరికి వచ్చాడు.

"బావగారూ." రెండేళ్లలో మొదటిసారి గారు చేర్చాడు. "ఆ సంచిలో ఏమేం పెట్టాలో ఒక్కసారి చెప్తారా? కొత్త డిస్కు డ్రైవరొక్కటి చాలా, అది ఆనుకునే వేరే డ్రైవర్లు కూడా కావాలా?"

లోపలాయనకు సమాధానం తెలుసు. ఎప్పుడూ సంచి కుట్టనివాడికే సంచి లేకపోతే ఏం జరుగుతుందో బాగా తెలుసు. సొరుగులోంచి తెల్లకాగితాలు తీసి ముందుకు జరిపాడు.

"రాసివ్వు. కింద సంతకం పెట్టు."

బావమరిది నవ్వాడు. లోపలాయన కలం మూత తీసి అతని వైపు పట్టుకున్నాడు. నవ్వు ఆగాక, అతను నిలబడే నాలుగు వాక్యాలు రాసి సంతకం చేశాడు. లోపలాయన దాని కిందనే, ఒక్క డ్రైవరూ విడవకుండా, ఏది ముందో ఏది వెనకో అంకెలు వేసి, పూర్తి సమాధానం రాశాడు. తారీకు వేశాడు. తనూ సంతకం చేశాడు.

"ఒక ప్రతి తీసి ఫైల్లో పెట్టు. ఇది నీ దగ్గర ఉంచుకో," అని కిటికీ వైపు తిరిగాడు.

ఆ తర్వాత కార్యాలయంలో వాళ్లిద్దరి మధ్య జరిగిన మాటలన్నీ రెండు ప్రతుల్లోనే జరిగాయి. ఇంట్లో భోజనాల బల్ల మీద కాగితం పెట్టుకునే వీలు లేదు కనుక, అక్కడ మాటలు లేవు.